వాడల బీదరికమును పిల్లల నడవడియును

మన పాఠశాలనుండి సంవత్సరాంతమున తలిదండ్రులకు పంపబడు ప్రగతిపత్రమునందు "నడవడి" యను గడి యొకటి కలదు. గణితమునకును తెలుగునకును మార్కులు వేయుటకై మేము రాత్రులు మేలుకొని కాగితములు దిద్దుదుము. ఆ గడిని నింపుటకు మాత్రము మేమే కాగితమును దిద్దము. జ్ఞాపకమునకు వచ్చిన యొకటి రెండు సంగతులనుబట్టి "మంచిది" యనియో, "సామాన్యము" అనియో, "బాగు లేదు" అనియో వ్రాసి ముగింతుము. ఎన్నడును చర్చకు రాని ఆ చిన్న గడిని గూర్చియే ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయదలచితిని. విద్యార్థులకంటెను ఉపాధ్యాయులకే ఇది యెక్కువ వర్తించును. నాకు మరియు నెక్కువ.

కొన్ని సంవత్సరముల క్రిందట నర్సింహులపేటకు సమీపముననున్న యొక తండానుండి బాలుడొకడు ఎనిమిదవ తరగతికి వచ్చుచుండెను. మొదటి ఆరు మాసములును వానిపై నాకే ఫిర్యాదును లేదు. సంక్రాంతి సెలవులు గడచిన పిమ్మట వాడు మారిపోయెను. ఆలస్యముగా వచ్చుటయు, మొదటి గంటలోనే నిద్రపోవుటయు, ఎవరైన భుజము తట్టినంతమాత్రమున ఉలికిపడి చేయి విసరుటయు వానికి పరిపాటి యాయెను. ఒకనాడు ప్రక్కవాని జామెట్రీ పెట్టెను నేలకు కొట్టి పగులగొట్టెను. నేను వానిని బల్లమీద నిలువబెట్టి, "నీవు బడికి తగినవాడవు కావు" అని తరగతి యంతయు వినునట్లంటిని. వాడు బదులు చెప్పలేదు. ఫిబ్రవరి మాసమున బడికి వచ్చుటయే మానెను. ఆ యేటి పత్రములో వాని గడిలో నేను వ్రాసిన మాట "బాగు లేదు" అని.

మార్చిలో, పేరు కొట్టివేయుటకు ముందు ఇంటివారి సంతకము కావలసి యుండగా, నేను తండాకు పోతిని. తల్లి అంతకు రెండు దినముల ముందే ఊరికి తిరిగి వచ్చియుండెను. నన్ను చూచి మంచము వాల్చి, నిలుచుండియే చెప్పెను: "సారూ, వానిదేం తప్పు లేదు. నేను ఖమ్మం దిక్కు మిరపకాయలు ఏరబోయిన. ముసలామె, చిన్నపిల్ల వాని మీదనే ఉండిరి. పొద్దుగాల లేసి నీళ్లు పట్టి, అన్నం వండి, చెల్లెను అంగన్‌వాడిల దించి బడికి వచ్చెటోడు. వాళ్లయ్య అప్పులోల్ల మీది కోపమంత రాత్రి తాగొచ్చి వాని మీదనే తీసిండు." ఇంతలో బాలుడు ఇంటి వెనుకనుండి వచ్చి నన్ను చూచి, సాయంకాలమైనను అలవాటు చొప్పున "గుడ్ మార్నింగ్ సార్" అనెను.

ఇది ఒక్క ఇంటి సంగతి యైనచో పత్రికకెక్కింప బనిలేదు. ఆ దినమున తండాలో సగము ఇండ్లకు తాళములు వేసియుండెను. తాళము లేని ఇండ్లలో ముసలివారును పిల్లలును మాత్రమే కనబడిరి. ప్రతి సంవత్సరమును జనవరినుండి మార్చి వరకు నా తరగతిలో హాజరు తగ్గుటయు, తగవులు పెరుగుటయు నేనెరుగుదును. పరీక్షల భయమువలన ననియు, వయస్సు ప్రభావమువలన ననియు ఇదివరకు సరిపుచ్చుకొనుచుంటిని. మిరపకోతల కాలమును మా శిక్షల పుస్తకమును ప్రక్కప్రక్కన బెట్టి చూడవలెనన్న తలంపు నాకు కలుగనే లేదు.

బీదరికమనగా ఒక ఇంట గింజలు లేకుండుట యని మన మనుకొందుము. ఆ యిల్లు ఎట్టి వాడలో నున్నదన్న ప్రశ్న యంతకంటె తక్కువది కాదు. కలిగిన కుటుంబముల నడుమ నొక లేమికుటుంబ ముండెనేని, ఆ యింటి పిల్లవాడు ఆకలైనప్పుడు ప్రక్కింటి అత్త పెట్టిన ముద్ద తినును. తండ్రి త్రాగివచ్చిన రాత్రి ఎదురింటి తాత అరుగుమీద పండుకొనును. తప్పు చేసినచో వీధిపెద్ద యొకడు చెవి మెలిపెట్టి ఇంటికి తోడ్కొని వచ్చును. వాడయంతయు నొక్క కష్టములోనే మునిగియున్నప్పుడు ఈ మూడును పోవును. ప్రక్కింటి అత్త ఖమ్మము పోయియుండును. ఎదురింటి తాత తన మనుమలకే చాలక యుండును. వీధిపెద్ద బెల్టుషాపు ముందర కూర్చుండియుండును. అప్పుడా పిల్లవానికి తన యింటి కష్టముతోకూడ నూరి కష్టమంతయు తగులును.

అప్పు సంగతియు నట్టిదే. 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సూక్ష్మఋణ సంస్థల బలవంతపు వసూళ్లను అరికట్టుటకై ఆర్డినెన్సు తేవలసివచ్చెననగా, వారపు కిస్తులు పల్లెల నెంత పీడించియుండెనో ఊహింపవచ్చును. ఆ అప్పులకు సాధారణముగా వాడలోని స్త్రీలే యొకరికొకరు జామీను. ఒకతె కిస్తు కట్టలేనిచో తక్కిన వారందరును ఆమె గుమ్మమునకు వచ్చుట తప్పదు. కావున అప్పు ఒక ఇంటిలో నుండియు తగవు వాడలో నుండును. పిల్లలు దీనిని గమనింపరని పెద్ద లనుకొందురు. గడువు దినమేదో నా తరగతిలోని పిల్లలకు తిథివారములకంటె బాగుగా తెలియును.

దైవికముగా వచ్చు ఆపదలును ఇట్టి వాడలమీదనే బరువుగా పడును. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఆకేరు పొంగి మరిపెడ మండలములోని సీతారాం తండా నీటమునిగెను. వరద తీసినపిదప వార్తాపత్రికలు నష్టపోయిన ఇండ్లను, పశువులను, ధాన్యమును లెక్కించినవి. అట్టి రాత్రిని గడపిన బాలుడు మరల మేఘము గర్జించినప్పుడు పాఠము వినక కిటికీవైపు చూచుచుండినచో, దానిని అశ్రద్ధ యనుటకు మనకు నోరెట్లు వచ్చును?

ఇక దేహములో జరుగు పని యెట్టిదో చూతము. భయము కలిగినప్పుడు మూత్రపిండములపై నుండు చిన్న గ్రంథులనుండి అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములు రక్తమున కలియును. గుండె వేగముగా కొట్టుకొనును, కండరములు బిగియును, కన్ను ఆపద నెదురుచూచును. పాము కనబడినప్పుడు ఇది ప్రాణరక్షణము. పాము పోయినతోడనే దేహము చల్లబడవలెను. రాత్రి రాత్రియు నింటిలో కేకలు వినుచు పెరుగు బిడ్డకు ఆ చల్లబడుట కవకాశము తక్కువ. కాబట్టి వాని దేహము బడిలోకూడ కావలి కాయుచుండును. వెనుకనుండి స్నేహితుడు భుజము తట్టినను దెబ్బయే యనుకొనును. ఏకాగ్రత, ఓరిమి, తొందరను అణచుకొనుట యనునవి మెదడు నిమ్మళముగా నున్నప్పుడు పెరుగు శక్తులు. మేము బడిలో "దుర్నడవడి" యను పేర లెక్కించునవి చాలవరకు ఈ శక్తుల లోపములే.

పిల్లవానిని విడిచి తలిదండ్రులను చూతము. ఏలయనగా లేమి బిడ్డను తాకునది సాధారణముగా తలిదండ్రుల ద్వారముననే. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కొందరు పరిశోధకులు పరీక్షించి 2013లో ఫలితములు ప్రకటించిరి. చెరకు డబ్బు ఏటి కొకసారి చేతికి వచ్చును. కోతకు ముందు చేతిలో కాసు లేనప్పు డొకసారియు, పంట అమ్ముకొన్న పిమ్మట మరియొకసారియు అదే రైతులకు బుద్ధిపరీక్షలు పెట్టిరి. అదే మనిషి కోతకు ముందు తక్కువగను, తరువాత హెచ్చుగను మార్కులు తెచ్చుకొనెను. మనిషి మారలేదు, బుద్ధి మారలేదు; చింత బుద్ధిలో చాల భాగము నాక్రమించుకొని యుండెను. అట్టి చింతలో నున్న తండ్రి బిడ్డ పుస్తకము చూడలేదనియు, తల్లి పలుకరించలేదనియు మేము నిందించుట కలదు. తలిదండ్రుల సభకు రానివారిని గూర్చి ఉపాధ్యాయుల గదిలో మేమాడుకొను మాటలు ఇక్కడ వ్రాయదగినవి కావు.

ఇందునకు ప్రతిగా నొక యాక్షేపము రావచ్చును: "బీదరికమునకును దుర్నడవడికిని పొత్తు కనబడినంతమాత్రమున నొకటి రెండవదానికి కారణమగునా? సోమరితనమే రెండింటికిని మూలము కారాదా?" న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానము చెప్పవలెనన్న, పిల్లలను మార్చక, తలిదండ్రులను మార్చక, లేమినిమాత్రము తీసివేసి చూడవలెను. మనుష్యులపై అట్టి పరీక్ష చేయుట దుర్లభము. అయినను అమెరికాలో నొకమారు తనంతట తానే జరిగినది.

ఉత్తర కరొలైనా రాష్ట్రమున పొగకొండలని పేరుగల పర్వతముల ప్రాంతములో 1993 మొదలు 1,420 మంది పిల్లల మనస్థితిని, నడవడిని ఏటేట పరీక్షించుచుండిరి. వారిలో సుమారు నాల్గవవంతు ఆదివాసి బాలబాలికలు. పరీక్షలు జరుగుచుండగనే, 1996లో, చెరొకీ తెగవారి భూమిలో జూదశాల యొకటి తెరువబడెను. దాని లాభములో నొక భాగమును తెగలోని ప్రతి మనిషికిని ఆరు మాసముల కొకసారి పంచిరి. ఎవరును దానికై కష్టపడలేదు, ఎవరి యోగ్యతను విచారింపలేదు. (జూదపు సొమ్మును మిషను పత్రికలో నుదాహరించుటకు నా కలము కొంత వెనుదీసినది. జూదమును నేను మెచ్చుట లేదు. ఆ సొమ్ము ఇండ్లకు చేరిన పిమ్మట ఏమి జరిగినదో చెప్పుచున్నాను.) కొన్ని కుటుంబము లట్లు బీదరికమునుండి బయటపడినవి. జేన్ కాస్టెల్లో యను పండితురాలును ఆమె సహచరులును 2003లో ప్రకటించిన దేమనగా, ఆ కుటుంబముల పిల్లలలో ధిక్కారము, తగవులాట, దొంగతనము మొదలగు లక్షణములు తగ్గి, ఎన్నడును బీదరికము నెరుగని పిల్లలతో సమానమాయెను. బీదరికమున నుండిపోయిన ఇండ్ల పిల్లలలో నట్టి మార్పు లేదు. ఆ పిల్లలకు ఎవరును క్రొత్తగా నీతిబోధ చేయలేదు. ఎట్లు మారిరని విచారింపగా, తలిదండ్రులకు బిడ్డలను కనిపెట్టి చూచుకొను తీరిక దొరకుటయే ముఖ్యకారణముగా తేలెను. దిగులు, భయము అను లోపలి బాధలు మాత్రము అంతగా తగ్గలేదని వారే చెప్పిరి. డబ్బు సమస్తమును బాగుచేయునని నేను వాదించుట లేదు. నా గడిలో "బాగు లేదు" అని వ్రాయబడు సంగతులు మాత్రము ఆ తీరికతో చాలవరకు తగ్గినవని ఋజువైనది.

"అది జాతి గుణము" అను మాట యొకటి మన ప్రాంతమున నేటికిని వినబడుచున్నది. చదువుకొన్నవారును అందురు. ఈ మాట చట్టమై కూర్చున్న కాలము కలదు. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టమును చేసెను; 1911 చట్టముతో నది మద్రాసు రాజధానికిని వచ్చెను. ఎరుకలవారు ఆ పట్టికకెక్కిరి. లంబాడీలును కొన్ని తావులందెక్కిరి. పుట్టిన బిడ్డ ఇంకను కన్ను తెరువకమునుపే నేరస్థుడని దాని భావము. బాపట్ల దరిని స్టూవర్టుపురములో 1913లో ఎరుకలవారికై వసతి యేర్పరచి, దాని పాలనను రక్షణ సైన్యమను క్రైస్తవ సంస్థకు అప్పగించిరి. అక్కడ భూమియు, బడియు, పనియు ఇచ్చుట నిజము. హాజరు పిలుచుటయు, సెలవు లేక పొలిమేర దాటరాదనుటయు నిజమే. చట్టము 1952లో రద్దాయెను గాని, స్టూవర్టుపురమను పేరు విన్నంతనే పెదవి విరుచువారు ఆ తరువాతను చాలకాలముండిరి.

ఎరుకలవారు అంతకుమునుపు ఉప్పును ధాన్యమును పశువులపై వేసికొని కోస్తానుండి లోనాడులకు చేర్చి జీవించిన వర్తకులు. లంబాడీలును ఎద్దుల మందలపై సైన్యములకు ధాన్యము మోసినవారే. రైలుబండి వచ్చెను, ఉప్పుపై సర్కారు కట్టడి బిగిసెను; జీవనము పోయెను. జీవనము తీసివేసి, పిదప కలిగిన నడవడిని రక్తమున కంటగట్టిరి.

ఇది మన దేశపు భ్రమయే కాదు. చికాగో నగరమున క్లిఫర్డ్ షా, హెన్రీ మకే యనువారు బాలనేరస్థుల న్యాయస్థానపు పుస్తకములను అనేక సంవత్సరములవి తిరుగవేసి 1942లో గ్రంథము ప్రకటించిరి. నగరపు నడిబొడ్డున కార్మికవాడలలో నొకప్పుడు జర్మనులు, ఐరిష్‌వారు నుండిరి. వారు పోగా ఇటలీవారు, పోలండువారు వచ్చిరి. పిదప నీగ్రోలని నాడు పిలువబడిన నల్లజాతివారు చేరిరి. వచ్చినవారిని ప్రతిమారును చెడ్డజాతి యనిరి. జనము మారినను ఆ వాడలలో బాలనేరములు హెచ్చుగనే యుండెను. వాడ విడిచి మంచి తావులకు పోయిన జాతులలో నవి తగ్గెను. నేరము వెంటబోలేదు, వాడలోనే నిలిచెను.

ఇంకొక యాక్షేపము మన మిషను కుటుంబములలో తరచుగా వినబడును: "మేమును గుడిసెలో పుట్టితిమి, ఆకలితో చదివితిమి, చెడిపోలేదు." నేనును అట్లే అనుకొనువాడను. హవాయి దీవులలోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది బిడ్డలను ఎమీ వెర్నర్ అను ఆమె మొదలగువారు వారు పెద్దవారగువరకు కనిపెట్టి చూచిరి. లేమి, తగవులు, తల్లిదండ్రుల రోగములు మొదలగు అనేక కష్టములు చుట్టుకొనిన పిల్లలలోకూడ సుమారు మూడవవంతు చక్కని మనుష్యులైరి. వారి జీవితములలో సామాన్యముగా కనబడిన దేదనగా, పిల్లవానిని నమ్మి నిలిచిన పెద్ద యొకరు: అవ్వయో, మేనమామయో, ఉపాధ్యాయుడో, సంఘకాపరియో. "మేము చెడలేదు" అను మనలో ప్రతివానికిని అట్టి యొకరుండిరి. నాకును ఉండిరి. ఆ సంగతిని మరచి, ఆ గొప్పను మన బుద్ధికే కట్టుకొందుము. మరియు ఆ లెక్కలో మిగిలిన రెండు వంతులవారిని గూర్చి ఎవరు మాటలాడుదురు?

బెత్తమును గూర్చి సామెతల గ్రంథములోని మాటను నాకు జ్ఞాపకము చేయువారుందురు. ఇంటిలో ప్రతి రాత్రియు దెబ్బ తినువానికి బడిలోని దెబ్బ క్రొత్త పాఠమేమియు నేర్పదు. లోకమంతయు నొక్క తీరేనని నేర్పును. బాలలను కొట్టుటయు, మనస్సు నొప్పించుటయు కూడదని 2009 విద్యాహక్కు చట్టములోని 17వ ప్రకరణము చెప్పుచున్నది. మైనారిటీ పాఠశాలల కా చట్టము వర్తించునా లేదా యని న్యాయస్థానములలో వాదములు జరిగినవి; మన కది సాకు కారాదు. నేను ఆ బాలుని కొట్టలేదు గాని బల్లమీద నిలువబెట్టి నేనన్న మాట ఆ ప్రకరణములోని రెండవ భాగమునకే చెందును.

వసతిగృహము లున్నవి కదా యందురు. దోర్నకల్లుకు మొదటి బిషప్పుగా 1912లో అభిషేకము పొందిన అజరయ్యగారి కాలమునుండియు పల్లెపిల్లలను బోర్డింగులలో నుంచి చదివించుట ఈ ప్రాంతపు మిషనులకు పరిపాటి. ప్రభుత్వమును 1971లో సర్వేలున మొదటి గురుకుల పాఠశాలను తెరచెను. వీనివలన వేలకొలది కుటుంబములు పైకి వచ్చినవి; దానిని తక్కువ చేయజాలను. అయినను వసతిగృహమునకు వచ్చినవాడు ఒక్కడు. వాడలో మిగిలిన చెల్లెలు, తమ్ముడు, ముసలామె అక్కడనే యుందురు. పైగా చిన్నబిడ్డను తల్లినుండి విడదీయుటయు నొక దెబ్బయే. మిరపకోతల మూడు మాసములకు మాత్రము, తల్లి ఊరలేని పిల్లలను చెల్లెండ్రతోకూడ పగలంతయు నుంచుకొని సాయంకాల భోజనము పెట్టి పంపు నేర్పాటు మన పాఠశాలలోనే చేయవచ్చును. గదులు సాయంకాలము ఖాళీగనే యున్నవి.

"నడవడి" గడిని తీసివేయుడని నేనడుగుట లేదు. "బాగు లేదు" అని వ్రాయవలసివచ్చినప్పుడు, ఆ మాట వ్రాయు ఉపాధ్యాయుడు ముందుగా నొకమారు ఆ పిల్లవాని యింటికి పోయి రావలెననియు, పోయిన తేదీని ఆ గడిలోనే వేయవలెననియు, తేదీ లేని గడిని ప్రధానోపాధ్యాయులు త్రిప్పి పంపవలెననియు కోరుచున్నాను. జనవరినుండి మార్చి వరకు ఆలస్యపు జరిమానా నిలుపవలెను. ఈ రెంటిని జూన్ మాసపు కమిటీ సభ యెదుట పెట్టదలచితిని. పెట్రోలు ఖర్చు ఎవరు భరింతురని ఒక మిత్రుడిదివరకే యడిగెను. నేను పోయిన తండా పాఠశాలనుండి మోటారుసైకిలుపై ఇరువది నిమిషముల దూరము. ఆ బాలుడు మరుసటి జూన్‌లో తిరిగి చేరి, పదవ తరగతి ముగించి పోయెను. వాని పాత పత్రము ఇప్పటికిని మా బీరువాలో నున్నది. దానిలో నేను వ్రాసినది కొట్టివేయుటకు నియమములు ఒప్పుకొనవట.